ఒక్కపొద్దు ఉండని మేనత్త

పోయిన నెలలో ఒక పొద్దున కరీంనగర్‌లో మా వీధి చివర ఉన్న రక్తపరీక్షల కేంద్రానికి వెళ్ళాను. వయసు మీద పడ్డాక ఒంట్లో ఏదో ఒకటి కొలిపించుకోవడం కూడా ఒక వ్యాపకమైపోయింది. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి మర్యాదస్తురాలు. డాక్టరు రాసిన చీటీ చూసి, "రేపు పరగడుపున రావాలె అమ్మా. రాత్రి తిన్నంక మల్ల ఏం తినద్దు, చాయ్ గూడ తాగద్దు" అంది. నేను సంచిలోంచి పుట్నాల పొట్లం తీసి నాలుగు గింజలు నోట్లో వేసుకుని, తినే వస్తానని చెప్పాను. అట్లయితే రిపోర్టు సక్కగ రాదని ఆ అమ్మాయి ఓపికగా నచ్చజెప్పింది. "రిపోర్టు సక్కగ రాకపోతే మల్ల తీయొచ్చు బిడ్డా, నేను పోతే మల్ల రాను" అన్నాను. నా వెనక నిలబడినాయన నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు, నా జబ్బు పేరు అడిగి, లోపలికి వెళ్ళి పెద్ద డాక్టరును కనుక్కుని వచ్చి, సరే తినే రమ్మంది. ఇంటికి నడిచి వస్తుంటే మా మేనత్త గుర్తుకొచ్చింది. కౌంటరు దగ్గర నేనన్న మాట నిజానికి నాది కాదు. నా నోట్లో ఉన్న ఎదురుమాటలు చాలావరకు ఆమె దగ్గర నేర్చినవే.

మాది వేములవాడకు కాలినడకన పోదగ్గ దూరంలో ఉన్న మగ్గాల ఊరు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మా బాపు మరమగ్గాలు నడిపేవాడు. పొద్దున కరెంటు రాగానే అవి మొదలుపెట్టిన చప్పుడు కరెంటు పోతేనే ఆగేది. అందుకని మా ఇంటివాళ్ళెవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే రహస్యం చెబుతున్నారని ఎవరూ అనుకునేవారు కాదు, జ్వరమొచ్చిందా అని నుదురు పట్టుకుని చూసేవారు. ఇల్లంతా మా బాపమ్మ చేతిలో ఉండేది. బాపు అంటే నాన్న, బాపమ్మ అంటే ఆయన తల్లి. ఆమె చెప్పిన వేళకే పొయ్యి వెలిగేది, ఆమె చెప్పిన వేళకే ఆరేది. సోమవారం మాత్రం పొయ్యి సాయంత్రం దాకా వెలిగేది కాదు. ఆ రోజు వేములవాడలో వెలసిన శివుడిది, మా రాజన్నది. ఇంట్లో ఆడవాళ్ళంతా ఒక్కపొద్దు ఉండేవారు. పొద్దంతా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా, దీపం పెట్టాక ఒక్కపూట తినడం. పని మాత్రం ఒక్కపూట చేస్తే ఒప్పుకునేవారు కాదు, మామూలుగానే పొద్దంతా చేయాలి.

మేనత్త రాజన్న మొక్కుతో పుట్టిన బిడ్డ. అంతకుముందు పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు పురిట్లోనే పోతే, ఈసారి బిడ్డ నిలిస్తే తానూ ఆ బిడ్డా బతికినన్నాళ్ళు సోమవారాలు ఉంటామని బాపమ్మ మొక్కుకుందట. పుట్టబోయే బిడ్డ తరఫున మాట ఇచ్చేయడం మా వైపు పెద్దవాళ్ళకు అలవాటే, బిడ్డను అడిగే వీలు ఎలాగూ లేదు. అత్తను ఆదిలాబాద్ వైపు, పత్తి పండించే ఊరికి ఇచ్చారు. అక్కడి మాటల్లో మరాఠీ కలుస్తుంది. జొన్నరొట్టెను భాకరి అనడం అత్త అక్కడే నేర్చుకుంది, చివరిదాకా అలాగే అనేది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళు నీడపట్టున పని కాబట్టి సోమవారాలు కాస్త నీరసంతోనే గడిచిపోయాయి. పెళ్ళయిన మొదటి ఏడాది కార్తీకం వచ్చింది. కార్తీకంలో సోమవారాల నిష్ఠ ఎక్కువ, చేలల్లో పత్తి ఏరే పనీ అప్పుడే ఎక్కువ. అత్త ఏమీ తినకుండా పొద్దంతా వంగి పత్తి ఏరింది. మధ్యాహ్నం దాటాక తొడలు, భుజాలు బిగుసుకుపోయి చాళ్ళ మధ్య పడిపోయింది. లేపి నిలబెడితే నిలబడలేదు. మరుసటి రోజు మూత్రం పాలు పోయని నల్ల చాయ్ రంగులో వచ్చింది. వారం తిరిగేసరికి మనిషి మామూలైంది. వచ్చే సోమవారం మళ్ళీ ఉపవాసం, మళ్ళీ చేను, మళ్ళీ అదే. అత్తగారింటివాళ్ళు కొన్నాళ్ళు గాలి సోకిందన్నారు, కొన్నాళ్ళు బద్ధకమన్నారు. చివరికి రెండూ ఉన్నాయని తేల్చి, మా ఇంటి ముందు దించి వెళ్ళిపోయారు.

బాపమ్మకు కారణం ఇట్టే తెలిసిపోయింది. అక్కడ సోమవారాలు సరిగ్గా జరగలేదు, రాజన్నకు కోపమొచ్చింది. విరుగుడు కూడా తెలిసిపోయింది, సోమవారంతో పాటు శుక్రవారం కూడా. అత్తకు మా ఇంట్లో ఇచ్చిన పని కండెలు చుట్టడం. మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు రాట్నం మీద నూలు చుట్టాలి, మగ్గాలు నడిచినంతసేపూ అవి కావాలి. అత్త మంగళవారం, బుధవారం ఎవరికీ తీసిపోకుండా చుట్టేది. సోమవారం, శుక్రవారం మధ్యాహ్నానికి చెయ్యి లేచేది కాదు. నూలు తెగి, రాట్నం ఆగి, షెడ్డులోంచి బాపు కేక వినిపించేది. రోగం మందుతోనే పెరుగుతోందని ఇంట్లో ఎవరికీ తోచలేదు, నీరసం పెరిగిన కొద్దీ భక్తి పెంచారు. ఒక్క అత్తకే తోచింది. ఆమె ఎవరినీ అడగలేదు, ఎక్కడా చదవలేదు, బడికి పోయిన మనిషే కాదు. తన ఒళ్ళు తనకు చెప్పేది విన్నది, అంతే. ఆ మాటను ఆమె నమ్మింది కదా అని ఆశ్చర్యపోతుంటాను, ఎందుకంటే ఇంట్లో ఆమె మాటను నమ్మేవాళ్ళు అప్పటికి ఇంకెవరూ లేరు.

ఒక సోమవారం పొద్దున అందరం వాకిట్లో ఉండగా అత్త రాత్రి మిగిలిన గట్క గిన్నె పట్టుకుని వచ్చి, సల్ల పోసుకుని, గడప పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. గట్క అంటే మక్కజొన్నల నూకతో చేసేది, చల్లారితే రాయి. అది తినడమే ఒక పని. బాపమ్మ చేతిలోని చెంబు దించి చూసింది. "ఏందే గిది?" అంది.

"బువ్వ" అంది అత్త. "నేను ఇగ ఒక్కపొద్దు ఉండ. ఉపాసముంటే నా పానం పోతుంది, తింటే వస్తుంది. ఎన్నిమాట్ల జూసినా గంతే."

"నీ పానం ఇచ్చిందే రాజన్న గదనే."

"ఇచ్చినోడు కాపాడుకొమ్మనే ఇచ్చిండు. పారేసుకొమ్మని ఇయ్యలే."

బాపమ్మ ఏడ్చింది, తిట్టింది, కొంగు పట్టి బతిమాలింది. అత్త గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవలేదు. అప్పుడు బాపమ్మ ఒక నిర్ణయం తీసుకుంది. బిడ్డ వంతు కూడా తానే ఉంటుంది. సోమవారం తనది, శుక్రవారం బిడ్డది. దేవుడికి బాకీ పడటం ఆమె వల్ల కాదు. "నీ తిప్పలు నువ్వు పడు, నేను మాత్రం రాజన్నకు మాట తప్ప" అని మొహం తిప్పుకుంది. అత్త చేయి కడుక్కుంటూ, "ఉండు అవ్వా, నీకు పడ్తది" అంది. నిజంగానే పడింది. వారానికి రెండు ఒక్కపొద్దులుండి, బిందె నిండా నీళ్ళు మోసుకుంటూ, మధ్యాహ్నం ఇంకొకరితో పోట్లాడటానికి కూడా ఓపిక మిగుల్చుకునేది బాపమ్మ.

సోమవారం పొద్దున్నే తిన్న మనిషి మడి వంట ముట్టకూడదు కనుక ఆ రోజు అత్తకు వంటింట్లోకి దారి లేదు. ఆమె షెడ్డు పక్కన మూడు రాళ్ళు పెట్టి తన పొయ్యి తాను వేసుకుంది. తన తిండికి తానే పద్ధతులు పెట్టుకుంది. నిద్ర లేవగానే ఏదో ఒకటి, కండెల గంప సగమయ్యాక ఏదో ఒకటి, గంప నిండాక మళ్ళీ. కొంగు ముడిలో ఎప్పుడూ పుట్నాలో, బెల్లం ముక్కో, ఎండిన భాకరి తునకో ఉండేది. నూనె వంటలు ఆమెకు పడేవి కావు, పండుగకు గారెలు చేస్తే మాకు పంచేసి తాను అన్నం పెట్టుకునేది. కాసేపు పని, కాసేపు కూర్చోవడం. చూసేవాళ్ళకు అది వట్టి సోమరితనం. వీధిలో ఆమెను మేకతో పోల్చేవారు, ఎప్పుడు చూసినా నములుతుందని. ఒకసారి పక్కింటామె ఆ మాట మొహం మీదే అంది. అత్త ముడి విప్పి, "మేక తింటేనే గదా వదినే పాలిస్తది, నీకు రెండు పుట్నాలు కావాల్నా?" అంది. ఆమె తీసుకుంది కూడా. తిడుతూనే తీసుకోవడం మా వీధి ఆచారం.

ఇక నా సంగతి. నేను పెద్దమనిషినయ్యాక బాపమ్మ నాతో సోమవారాలు మొదలుపెట్టించాలనుకుంది. నాకూ ఇష్టమే. స్నేహితురాళ్ళంతా ఉంటున్నారు, ఒక్కపొద్దు అంటే ఆడపిల్లకు పెద్దరికం వచ్చినట్టు. అత్త వద్దంటే వద్దంది. అందరూ నీలాంటివాళ్ళు కాదని బాపమ్మ, నన్ను కన్న మా అవ్వ కలిసి ఆమె నోరు మూయించారు. మొదటి ఒక్కపొద్దు ఇంట్లో కాదు, కాలినడకన వేములవాడ పోయి కోడె మొక్కు చెల్లించి రావాలని నిశ్చయమైంది. కోడె మొక్కు మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. గుడి దగ్గర కోడెను ఇస్తారు. దాని పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, తీసుకుపోయి కట్టేయాలి. ఆ కోడెలు రాజన్నవి. భక్తులు వాటికి బెల్లం, అరటిపళ్ళు పెడుతూనే ఉంటారు, అవి తింటూనే ఉంటాయి.

తెల్లవారుతుండగా బయల్దేరాం. బాపు, బాపమ్మ, అవ్వ, నేను ముందు. వెనకాల అత్త, తన సంచీతో, కూర్చుంటూ లేస్తూ, నములుతూ. మొక్కు నడకలో నమిలే మనిషిని ఎవరూ మా మనిషని చెప్పుకోలేదు. సగం దూరం పోయేసరికి నా తొడలు లాగడం మొదలైంది. నేను చెప్పలేదు, చెబితే అత్త గెలిచినట్టవుతుందని అనిపించింది. గుడి చేరి, వరుసలో నిలబడి, పగ్గం చేతికొచ్చేసరికి కాళ్ళు నావి కాకుండా పోయాయి. కోడెతో సగం చుట్టు తిరిగానో లేదో మోకాళ్ళ మీద కూలబడ్డాను. కోడె తనంతట తానే ఆగింది. పెద్దది, తెల్లది, ఎంతో శాంతంగా నా వైపు చూసింది. చెయ్యి పైకెత్తుదామంటే భుజం కదల్లేదు. భయమేసింది. చచ్చిపోతాననే అనుకున్నాను.

వెనకనుంచి అత్త వచ్చింది. ఆమె అంత తొందరగా నడవడం నేను చూసింది అప్పుడొక్కసారే. బాపమ్మ చేతిలోని పళ్ళెంలో కోడెకు పెట్టడానికి తెచ్చిన బెల్లం ఉంది. అత్త దాన్ని అందుకోబోతే బాపమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"మొక్కు చెల్లలే, దర్శనం గాలే. ముట్టకు."

"కోడెకు దర్శనమైందా?" అంది అత్త.

బాపమ్మకు అర్థం కాలేదు. చుట్టూ జనం ఆగి చూస్తున్నారు. మగ్గాల మధ్య పెరిగిన గొంతు కనుక అత్త మాట గుడంతా వినిపించింది. "దర్శనం గాకముందే గా కోడెకు బెల్లం పెడ్తవు. పోరికి పెట్టద్దా? గదీ రాజన్న పిల్లనే, గిదీ రాజన్న పిల్లనే. ఆయన కోడె కడుపు ఎన్నడన్న మాడవెట్టిండా? కోపమొస్తే నా మీదికి రమ్మను. నేను యాడికి పోత లేను, ఈడనే కూసుంట." అని నిజంగానే నా పక్కన బండ మీద కూర్చుంది.

బాపమ్మ మణికట్టు వదిలింది. అత్త బెల్లం విరిచి నా నోట్లో పెట్టింది, నీళ్ళు తాగించింది, తన సంచిలోని భాకరి నమిలించింది. కోడెలను చూసుకునే ముసలాయన ఒకడు వచ్చి, "జర గాలి రానియ్యుండ్రి, పిల్లను నీడకు తీసుకపోండ్రి" అని జనాన్ని తప్పించాడు. బాపు ముందుకొచ్చాడు. నా చేతిలోని పగ్గం తీసుకుని, మిగిలిన చుట్టు తానొక్కడే తిరిగి, కోడెను కట్టేసి వచ్చాడు. ఇంటికి బస్సులో వచ్చాం.

మరుసటి పొద్దున నా మూత్రం నల్ల చాయ్ రంగులో వచ్చింది. అవ్వ కంగారుపడి అందరినీ పిలిచింది. అత్త చూసి, గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. "నా తీరే. పోరికి నా తీరే వచ్చింది" అంది. కళ్ళు తుడుచుకున్నాక మాత్రం ఆమె గొంతులో ఏడుపు లేదు. బాపును పిలిచి, "అన్నా, ఈ పోరి ఇంకొక్కసారి ఉపాసముంటే నేను ఈ ఇంట్ల ఉండ. ఉండ అంటే ఉండ" అంది. "పోరి ఉపాసముండది తియ్యి" అన్నాడు బాపు. ఆయన జీవితంలో తల్లి మాట కాదన్నది అదొక్కసారి. బాపమ్మ శుక్రవారం దాకా తన పనులు తాను చేసుకుంటూ పోయింది. మరునాడు శనివారం. మధ్యాహ్నం ఆమె పళ్ళెం ముందుకు రాకపోతే అవ్వ పిలవబోయింది. "పోరి వంతు" అంది బాపమ్మ, అంతే. అప్పటినుంచి సోమవారం తనకు, శుక్రవారం బిడ్డకు, శనివారం నాకు, వారానికి మూడు ఒక్కపొద్దులు. పోయేదాకా మానలేదు, తొంభై దగ్గరపడి పోయింది. ఆమెను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ నా మీద అంత ప్రేమతో ఇంకెవరూ ఆకలితో కూర్చోలేదు.

అత్త చెప్పింది ఎందుకు నిజమో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. నాకు పెళ్ళయింది, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి, అమ్మాయి సోమవారాలు ఉంటుందా అని అడిగితే, "ఉండది. తింటది, మంచిగ తింటది. మీ ఇంట్ల బువ్వ ఉన్నది గదా?" అని అత్త ఎదురడిగింది. అబ్బాయి నవ్వాడు, ఆ నవ్వు చూసే నేను ఒప్పుకున్నాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఒకసారి జ్వరం వచ్చి తిండి సహించక మళ్ళీ ఆ నల్ల చాయ్ రంగు కనిపించింది. ఈసారి మూత్రపిండాలదాకా వచ్చింది. కరీంనగర్ నుంచి హైదరాబాద్ పంపారు. అక్కడ ఒక డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, మంచం పక్కన కుర్చీ వేసుకుని విడమరచి చెప్పింది. ఒంట్లో ప్రతి కణమూ తన శక్తిని తానే తయారు చేసుకుంటుందట. ఏటీపీ అంటారు దాన్ని. కండ ముడుచుకున్నా, గుండె కొట్టుకున్నా అదే ఖర్చు. దాన్ని మూటకట్టి దాచుకునే వీల్లేదు, ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. తిన్న అన్నం చక్కెరగా మారి ఉన్నంతసేపు దానితో చేసుకుంటుంది. అది అయిపోతే కొవ్వు. కణంలో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న గదులుంటాయి, కొవ్వు ఆ గదుల్లోకి చేరి, మనం పీల్చిన గాలితో కలిసి మండితేనే శక్తి. దాన్ని లోపలికి చేరవేసే ఎంజైము ఒకటి మాకు పుట్టుకతోనే సరిగ్గా లేదు. గుమ్మి నిండా వడ్లున్నాయి గానీ వంటింటి తలుపు తెరుచుకోదు. అప్పుడు కండ తనంతట తానే విరిగి నెత్తుట్లో కలుస్తుంది, ఆ రంగే మూత్రంలో కనిపిస్తుంది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు వైపులా వస్తేనే ఈ జబ్బట. మా అవ్వ మా బాపుకు మేనమామ కూతురు, బాపమ్మ పెళ్ళీ మేనరికమే. బాపమ్మ ఒంట్లో మాత్రం తలుపులన్నీ బార్లా తెరిచే ఉండేవన్నమాట. మందేమిటని నా భర్త అడిగాడు. వేళకు తినడం, ఆకలితో ఉండకపోవడం, నూనె తగ్గించడం, అలసట వచ్చేలోపే కూర్చోవడం అంది డాక్టరమ్మ. ఇన్నేళ్ళూ ఎలా నెట్టుకొచ్చారని ఆమె అడిగితే, మేనత్త అని చెప్పాను.

ఇంటికి వచ్చిన వారంలోనే అత్త దగ్గరికి పరుగెత్తాను. సంతోషిస్తుందనుకున్నాను. అంతా విని, నోట్లో ఉన్నది నమిలి మింగి, "గది నేను గప్పుడే చెప్పిన గదా" అంది. కొంగు ముడి మళ్ళీ బిగించుకుని, "నేను చెప్తే బద్దకం, డాక్టరు చెప్తే రోగం. మరి నా సంసారం ఎవరు తెచ్చిస్తరు?" అంది. ఆ పత్తిచేల ఊరు, ఆ ఇల్లు, పుట్టకుండా పోయిన పిల్లలు అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.  ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

అత్త పోయి కొన్నేళ్ళయింది. నిద్రలో పోయింది. మూడో రోజు పిట్టకు పెట్టడానికి అందరం ఊరి బయటికి వెళ్ళాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్ళెవరూ ఏమీ తినకూడదు. గట్క, సల్ల, భాకరి పెట్టాం. కాకి రాలేదు. ఎండ ఎక్కింది. కాకులు కరెంటు తీగ మీద వరుసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ కిందికి దిగదు. మనసులో కోరిక ఏదో మిగిలి ఉన్నదని పెద్దలన్నారు. చుట్టాల్లో ఒకామె ముందుకొచ్చి, "రాజన్న సోమవారాలు బాకీ ఉన్నది గదా. ఆమె పేరు మీద ఒక్కపొద్దు ఉంటమని మొక్కుండ్రి, పిట్ట ముడ్తది" అంది. తలలు ఊగాయి. అందరూ నా వైపు చూశారు, పిల్లలు లేని మనిషికి బిడ్డలాంటిదాన్ని నేనే కదా.

అప్పటికే నా తొడలు లాగుతున్నాయి. నేను అక్కడే మట్టిలో కూర్చుని, సంచిలోంచి అన్నం డబ్బా తీసి మూత తెరిచాను. ఎవరో వద్దన్నారు. "అత్తా, నేను తింటున్న" అని గట్టిగా చెప్పి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఏడుస్తూనే నీళ్ళు తాగి మింగాను. రెండో ముద్ద, మూడో ముద్ద. తీగ మీది కాకి ఒకటి దిగి విస్తరి దగ్గరికి గెంతుకుంటూ పోయి గట్కను పొడిచింది. మా వాళ్ళంతా, అత్త నేను తినాలనే ఆగిందని చెప్పుకుని ఏడ్చారు. నేను ఆ కాకికి కూడా ఆకలేసిందనుకుంటాను. ఎవరి మాట నిజమైనా, ఆ రోజు అత్త పేరు మీద ఎవరూ ఒక్కపొద్దు మొక్కలేదు. ఆమె చెప్పింది నిజమని ఒప్పుకోవడానికి లోకానికి ఇంచుమించు ఆమె ఆయుష్షంతా పట్టింది, అన్నాళ్ళూ నేను ఆకలితో ఎదురుచూడలేదు కాబట్టే ఇవాళ ఇది రాయడానికి మిగిలాను.